ప్రజానాట్యమండలి తొలిరోజుల బ్యానర్లు, కరపత్రాలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా?

అందరికీ నమస్కారమండి. మా ఊరి కళాబృందానికి కొత్త బ్యానర్ రాయిస్తున్నాం, ఏదో ఒక లోగో కంప్యూటర్‌లో లాగేసి పెట్టడం నాకు అస్సలు ఇష్టం లేదు, అందుకే 1940లలో ఊరూరా నాటకాలు, బుర్రకథలు వేసిన ప్రజానాట్యమండలి మొదట్లో ఏ గుర్తు వాడిందో వెతుకుతున్నా.

1943లో బొంబాయిలో ఇప్టా (ఇండియన్ పీపుల్స్ థియేటర్ అసోసియేషన్, వామపక్ష కళాకారుల సంఘం) పుట్టింది కదా, దాని గుర్తులో నగారా కొట్టే మనిషిని గీసింది చిత్తప్రసాద్ గారు, బెంగాల్ కరువులో ఊళ్లు తిరిగి ఆకలి బొమ్మలు వేసిన ఆయనే. ఎంత బలమున్న బొమ్మో! మన దగ్గర ఇప్టాకి తెలుగు శాఖగా గరికపాటి రాజారావు గారు వాళ్లు మండలిని నడిపారు, నాజర్ గారి బుర్రకథ జనంలోకి ఎలా వెళ్లిందో పెద్దవాళ్లందరికీ తెలుసు. మరి మనవాళ్లు కూడా ఆ నగారా మనిషినే పెట్టుకున్నారా, లేక డప్పో గుమ్మెటో గీయించుకున్నారా?

మా దగ్గర ఒక పాత గుడ్డ బ్యానర్ ఉంది. ఎర్రగుడ్డ మీద తెల్లరంగు అక్షరాలు, చివరి 'ళి' తోకని బాగా సాగదీసి రాశారు, మూలన వాయించే మనిషి బొమ్మ సగం చెరిగిపోయి పైకెత్తిన చేయి, కర్ర మాత్రం మిగిలాయి. ఏ ఏడాదిదో రాసిలేదు. తర్వాత కమ్యూనిస్టుల మీద ప్రభుత్వ నిర్బంధం నడిచిన రోజుల్లో ఇలాంటివి చాలా పోయుంటాయి అందుకే అడుగుతున్నా.

మీ తాతగారి ట్రంకుపెట్టెలో పాత కరపత్రం, నాటకం టికెట్టు, స్టేజీ ఫొటో ఏదున్నా దయచేసి పగటి వెలుతురులో ఫోన్‌తో ఫొటో తీసి పెట్టండి, వెనకవైపు కూడా. ప్రెస్సు పేరు అక్కడే ఉంటుంది చాలాసార్లు. ఆ రోజుల్లో బ్యానర్లు రాసిన పెయింటర్ల కుటుంబాలు తెలిసినా చెప్పండి ప్లీజ్.