చలివేంద్రం పెడదామనుకుంటున్నాం, నాలుగు రోజుల ముచ్చట కాకుండా నడపడం ఎలా?

కాలనీ కార్యదర్శి:
మా కాలనీ మలుపులో బస్‌స్టాపు ఉంది, పక్కనే కూలీల అడ్డా. మార్చి చివర్లో మొదలుపెట్టి వానలు పడేదాకా చలివేంద్రం నడుపుదామని సంఘంలో అనుకున్నాం. రోజుకు 300 మంది తాగుతారని అంచనా. కొందరేమో "అందరి దగ్గరా సీసాలుంటున్నాయి, ఇంకా నీళ్లు పోస్తే ఒరిగేదేంటి, ఫొటోలకు తప్ప" అంటున్నారు. నీళ్లెన్ని పడతాయి, కుండలెలాంటివి కొనాలి, ఎక్కడ తేడా వస్తుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

వేపనీడ:
మనిషికి అర లీటరు వేసుకోండి. మిట్టమధ్యాహ్నం ఒక్క గ్లాసుతో ఎవరూ ఆగరు. 300 మందికి 150 లీటర్లు, అంటే 20 లీటర్ల టిన్నులు ఎనిమిది. అడ్డా వాళ్లు సీసాలు నింపుకుని పనిలోకి వెళ్తారు, ఒలికేది కొంత. కాబట్టి పన్నెండు టిన్నులకు తగ్గకండి.

అసలు తేడా కుండల దగ్గర వస్తుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడటానికి గంటలు పడుతుంది. మధ్యాహ్నం ఖాళీ అయిన కుండలో అప్పుడే టిన్ను వంపితే జనం తాగేది గోరువెచ్చని నీళ్లే. అందుకే కుండలు ఎక్కువ కొని రాత్రే నింపేయాలి. ఒకటి పూర్తిగా అయ్యాకే రెండోది తెరవాలి. కింద తడి ఇసుక, చుట్టూ తడి గోనెపట్టా ఉండాలి. దయచేసి కుండకు రంగులేసి దాతల పేర్లు రాయించకండి! నీరు బయటికి చెమర్చి ఆరితేనే కుండ చల్లబడేది. రంగు ఆ రంధ్రాలను పూడ్చేస్తుంది. పేర్లు పందిరికి కట్టుకోండి.

గోదారి గట్టు:
పైవారు చెప్పింది కరెక్టే గానీ, మీది కోస్తా అయితే ఇంకో మాట. ఇక్కడ గాల్లో తేమ ఎక్కువ, కుండ చెమర్చినా తొందరగా ఆరదు. రాయలసీమ, తెలంగాణ పొడి ఎండల్లో చల్లబడినంతగా ఇక్కడ చల్లబడదు. గాలి ఆడే చోట, కుండకూ కుండకూ మధ్య జానెడు ఎడం ఉంచి పెట్టండి.

ఆరోగ్య ఉపకేంద్రం:
కుండలో గ్లాసు ముంచనివ్వొద్దు. నీళ్లు పాడయ్యేది అక్కడే. కుళాయి ఉన్న కుండ మేలు, లేదంటే పొడుగు కాడ గరిటె. దోసిట్లో పోసినా మంచిదే, గ్లాసులు కడగాల్సిన పనే లేదు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులు 2022 జులై 1 నుంచి నిషేధం, వాటి జోలికి పోకండి. రోజూ కుండ అడుగు దాకా ఒంపేసి కొబ్బరిపీచుతో తోమాలి. సబ్బు వాడితే ఆ వాసన మట్టిలోకి దిగుతుంది.

మజ్జిగ ఇవ్వాలనుకుంటే లీటరు పెరుగుకు మూడు నాలుగు లీటర్ల నీళ్లు, ఉప్పు, అల్లం, కరివేపాకు. ఎండలో త్వరగా పులుస్తుంది కాబట్టి రెండు మూడు గంటల్లో అయిపోయేంతే కలపండి. చేపలకు వాడే ఐసు అందులో వేయకండి, అది తాగేనీటితో చేసింది కాదు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు కొన్ని దగ్గరుంచుకోండి. ప్యాకెట్టు మీద ఎన్ని నీళ్లని ఉంటే అన్నే. అవి అయిపోతే లీటరు నీళ్లకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చిన్న చెంచాతో తలకొట్టి.

ఎవరైనా తూలుతూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే అది దాహం కాదు, వడదెబ్బ కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి. నీడకు చేర్చి, మెడ, చంకలు, గజ్జల్లో తడిగుడ్డలు పెట్టి విసరండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు.

రెండో బస్సు:
ఒరిగేదేంటి అన్నవాళ్లకు నా జవాబు. హోటల్లో నీళ్లు కావాలంటే టిఫినన్నా తినాలి, అపార్టుమెంటు గేటు దగ్గర వాచ్‌మన్‌ని అడగాలి. డెలివరీ కుర్రాడు, రోడ్లు ఊడ్చే ఆవిడ అలా అడగలేక గొంతెండబెట్టుకునే పోతారు. చలివేంద్రం దగ్గర ఎవర్నీ అడగక్కర్లేదు. దాని విలువ అదీ.

ఇచ్చేవాళ్లు ఈ విలువను తక్కువగా అంచనా వేస్తారని పరిశోధనా ఉంది. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే ఇద్దరు షికాగోలో, చలిలో స్కేటింగ్‌కు వచ్చినవాళ్ల చేత ముక్కూమొహం తెలియనివాళ్లకు వేడి చాక్లెట్ కప్పులు ఇప్పించారు. తీసుకున్నవాళ్లు ఎంత సంతోషపడ్డారో ఇచ్చినవాళ్లు ఊహించలేకపోయారు. ఇచ్చినవాళ్లు కప్పు విలువే చూశారు, తీసుకున్నవాళ్లకు ఆ ఆదరణ కూడా ముట్టింది.

ఇంకొకటి, మగవాళ్ల కమిటీలకు తట్టనిది. చాలామంది ఆడవాళ్లు దాహం లేక కాదు, దగ్గర్లో మరుగుదొడ్డి లేక నీళ్లు తాగరు. కాలనీ హాలుది పగలు తెరిచి ఉంచి, కుండల పక్కనే బాణం గీసి బోర్డు పెట్టండి. లేకపోతే మీ లెక్కలో సగంమంది తాగకుండానే బస్సెక్కుతారు.

కాలనీ కార్యదర్శి:
హాలు సంగతి మాకు తట్టనే లేదండీ. డబ్బు మాత్రం మే మధ్యకే అయిపోయేలా ఉంది.

వేపనీడ:
అయితే మార్చిలో మొదలుపెట్టకండి. ఏప్రిల్ రెండో వారం చాలు, ప్రారంభోత్సవం టెంటు, శాలువాలు మానేయండి. రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో వస్తుంది, రోళ్లు పగిలే ఎండలు అవి. చాలా చలివేంద్రాల్లో సరిగ్గా అప్పుడే కుండలు బోర్లించి ఉంటాయి. ఆ రెండు వారాల టిన్నుల డబ్బు ముందే నీళ్లాయనకు కట్టేసి, మిగిలినదాంతో ఏప్రిల్ లెక్క చూసుకోండి.