సమస్య: “నీరు తీసివేయ నిండె గాదె”

నిర్వాహకులు: ఇది ఆటవెలది నాలుగో పాదం; దీంతో ముగిసేలా మిగతా మూడు పాదాలూ పూరించాలి. మాట్లాడేవారిని ఊరి పేరుతోనే పిలుద్దాం. అయిదూ సూర్యగణాలే (గురువు-లఘువు గానీ, మూడు లఘువులు గానీ), యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొంతన) నీ–నిం. కాలువ నీటి మీద బతికే డెల్టాలో నీరు తీసేస్తే గాదె నిండడమేమిటని పట్నం వాళ్ళకు అనుమానం. జవాబు చేలోంచి రావాలి.

మండపేట:
చేను బురదపదున జేరిన యూరియా
వేరు పట్టె, పిలక వేసె మెండు;
నిలువ నీట జల్ల నీటికే యెరువౌను
నీరు తీసివేయ నిండె గాదె.

నిర్వాహకులు: మూడో పాదమే పద్యానికి ప్రాణం. ‘యూరియా’ రగణంగా (గురువు-లఘువు-గురువు) ఇమిడిపోయింది.

రాజోలు: పద్యం బాగుందండి, పని సగమే చెప్పారు. చల్లిన 36–48 గంటల తర్వాత మళ్ళీ పలచగా నీరు పెట్టాలి. నెర్రెలిచ్చేదాకా వదిలేస్తే నత్రజనీ పోతుంది, కలుపూ లేస్తుంది. గట్లకు ఎండ్రకాయ బొక్కలుంటే ముందే పూడ్చుకోవాలి. లేకపోతే మీ ఎరువు కింది మడి ఆయనకి!

హైదరాబాదు:
నిండు నీట పైరు నేత్రపర్వం బని
పట్నవాసి ఫోటొ తీసి మురిసె;
దోమ దుబ్బు మొదట దూరగ రైతన్న
నీరు తీసివేయ నిండె గాదె.

నిర్వాహకులు: రెండో పాదంలో యతి తప్పింది, ‘ప’కి ‘తీ’ కుదరదు. ‘ఫోటొ పట్టి మురిసె’ అంటే సరి. ‘రైతన్న’ పేపర్ల పిలుపు. ‘దూరగ నాసామి’ (దూరగన్ + ఆసామి) అంటే గణం చెడదు, ఊరి మాటా అవుతుంది. చూపు మాత్రం మెచ్చుకోవాలి: ఫోటోకి అందంగా కనపడే నీళ్ళలోనే, వరి దుబ్బు మొదట రసం పీల్చే సుడిదోమ కాపురం.

రాజోలు: ఒక్క ఆరగట్టడంతో దోమ పోదండి. నాట్లు ఊడ్చేటప్పుడే ప్రతి 2 మీటర్లకీ 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలితే మొదళ్ళకు గాలి తగులుతుంది. మందు ఆకుల మీద పడితే దండగ, దుబ్బు మొదలు తడవాలి. పొట్ట మీదున్న (వెన్ను పైకి రాబోతున్న) చేను ఎండగడితే తాలు. సముద్రం వారన చవుడు చేలల్లో ఎక్కువ ఆరితే ఉప్పు పైకి తేలుతుంది.

తణుకు:
వరికి గింజ పాలు వదలి గట్టిపడగ
కోత పదిదినాల కొలది నుండ
తూము తెరచి మురుగు దోవకు మళ్ళించి
నీరు తీసివేయ నిండె గాదె.

నిర్వాహకులు: ఛందస్సుకు వంక లేదు. ‘కొలది నుండ’ కాస్త వదులు.

రాజోలు: మొదటి పాదం అనుభవజ్ఞులది; పాలు పోసుకునేటప్పుడు తీస్తే గింజ నిండదు. అసలు తీయకపోతే కోత మిషను దిగబడుతుంది, పడిన చేను నీళ్ళలోనే మొలకెత్తుతుంది. పేచీ మూడో పాదంతోనే. కోనసీమ దిగువన మురుగు కాలువ మట్టం చూడకుండా తూము తెరిస్తే సముద్రపు పోటు వేళ ఎదురు నీరు చేలోకొస్తుంది. పాటుకు (సముద్రం వెనక్కి తగ్గేటప్పుడు) తెరిచి పోటుకు మూయాలి, కుదరకపోతే ఇంజను పెట్టి తోడాలి. ఇలా మార్చి చూడండి:
తూము దీసి పాటు తోడుగా మళ్ళించి

తణుకు: మీ పాదం దిగువ వాళ్ళకు బాగుందండి. మా మెరక చేలకు పాతదే చాలు.