ఎయిర్ ఫ్రయర్‌లో వియత్నాం నిమ్మగడ్డి చికెన్: పైన మాడుతోంది, ఎముక దగ్గర ఎర్రగా ఉంటోంది

తార్నాక_వంటిల్లు:
వియత్నాంలో రోడ్డు పక్కన బొగ్గుల మీద కాల్చి అమ్మే నిమ్మగడ్డి చికెన్ నాలుగు లీటర్ల ఎయిర్ ఫ్రయర్‌లో చేయాలనుకుంటున్నా. స్కిన్‌లెస్ లెగ్ పీసులకు ఫిష్ సాస్, తేనె, వెల్లుల్లి, తరిగిన నిమ్మగడ్డి అన్నీ పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి, 200 డిగ్రీల్లో 20 నిమిషాలు పెడుతున్నా. పైన నల్లబడి చేదు వస్తోంది, ఎముక దగ్గర ఎర్రగా ఉంటోంది, నిమ్మగడ్డి పీచులా నోటికి తగులుతోంది. ఎక్కడ మార్చాలి? బొగ్గు వాసన కూడా వచ్చే దారి ఉంటే చెప్పండి.

పెరటి_పొయ్యి:
చేదుకు కారణం తేనె, పైన అంటుకున్న వెల్లుల్లి, నిమ్మగడ్డి ముక్కలు. బొగ్గుల మీద కాల్చేవాళ్లు ముక్కను తిప్పుతూ, మంట పెరిగితే పక్కకు జరుపుతూ, తీపి పూతను ఆఖర్లో పూస్తారు. ఎయిర్ ఫ్రయర్‌లో కాయిల్ పైన దగ్గరగా ఉంటుంది, ఫ్యాన్ వేడిగాలిని అదే పనిగా కొడుతుంది. అందుకే మసాలా రసం లోపలికి ఇంకాలి, పిప్పి పైన మిగలకూడదు, తీపి చివరి నాలుగు నిమిషాల్లోనే పడాలి.

ముందు నిమ్మగడ్డి. టీలో వేసే ఆకు దీనికి పనికిరాదు, కాడ కావాలి. కుండీలో మొక్క ఉంటే మట్టికి ఆనించి కోయండి. పైన గట్టి పొరలు రెండు మూడు ఒలిచేసి, అడుగున లేత రంగులో ఉండే నాలుగు అంగుళాలే తీసుకోండి. చక్రాల్లా సన్నగా తరిగి, ఆ తర్వాతే మిక్సీలో వేయాలి. పొడుగు ముక్కలు వేస్తే ఎంత తిప్పినా పీచు పీచుగానే మిగులుతుంది.

700 గ్రాముల లెగ్ పీసులకు కాడలు మూడు, వెల్లుల్లి రెబ్బలు ఐదు, సాంబారు ఉల్లిపాయలు నాలుగు, ఫిష్ సాస్ రెండున్నర టేబుల్ స్పూన్లు, పంచదార రెండు టీస్పూన్లు, పసుపు అర టీస్పూన్, మిరియాల పొడి అర టీస్పూన్, నూనె టేబుల్ స్పూన్నర. ఉప్పు అసలు వద్దు, ఫిష్ సాస్‌లోనే సరిపడా ఉంటుంది. నిమ్మరసం కూడా ఇందులో పోయకండి, రాత్రంతా పులుపులో నానితే పైపొర పిండిలా అయిపోతుంది. ఎముక దాకా రెండు గాట్లు పెట్టి పట్టించండి. నాలుగు గంటలు చాలు, రాత్రంతా ఉన్నా నష్టం లేదు.

ఫ్రిజ్‌లోంచి తీశాక 20 నిమిషాలు బయట ఉంచండి, మన ఎండాకాలంలో అంతకన్నా వద్దు. పైన ఉన్న పిప్పిని చేత్తో తుడిచేయండి. ఎండిన పిప్పి గాలికి లేచి కాయిల్‌కు అంటుకుంటే పొగ వస్తుంది కూడా. బుట్టలో నాలుగు ముక్కలే, ఒకదానికొకటి తగలకుండా. 180 డిగ్రీల్లో 12 నిమిషాలు, తిప్పి మరో 8 నిమిషాలు. అప్పుడు తేనె టేబుల్ స్పూన్, ఫిష్ సాస్ టీస్పూన్, నూనె టీస్పూన్ కలిపి పూసి, 200 డిగ్రీల్లో 3 నుంచి 4 నిమిషాలు. ఇక్కడ మాత్రం దగ్గరే ఉండి చూడండి, ఒక్క నిమిషం తేడాలో రంగు మారిపోతుంది.

ఎముక దగ్గర ఎర్రగా ఉన్నంత మాత్రాన పచ్చిగా ఉందని కాదు. బ్రాయిలర్ కోడి వయసు తక్కువ, ఎముకలు లేతవి. మూలుగలోని రంగు పక్క మాంసంలోకి దిగుతుంది, ఎంత ఉడికినా అలాగే ఉండొచ్చు. థర్మామీటర్‌ను ఎముకకు తగలకుండా లావుపాటి చోట గుచ్చండి. 74 డిగ్రీలు దాటితే తినడానికి భయం లేదు. కాలి మాంసం మాత్రం 82 నుంచి 85 మధ్య బాగుంటుంది, అప్పుడే నరాలు మెత్తబడి ఎముకను వదులుతుంది.

మెహదీపట్నం_ఫుడీ:
పైవారు చెప్పనిది ఒకటి: స్కిన్‌తో ఉన్నవి తీసుకోండి. కొట్లో ముందే చెబితే ఉంచి ఇస్తారు. తోలు కొవ్వు కరిగి మాంసానికి పైనుంచి తడి ఇస్తుంది, స్కిన్‌లెస్ అయితే వేడిగాలికి పైభాగం ఎండిపోతుంది. స్కిన్‌లెస్ తప్పదంటే పెట్టేముందు, తిప్పినప్పుడు నూనె రాయాలి. తోలుతో చేస్తే కింది ట్రేలో కారిన కొవ్వు పొగలొస్తుంది. మీ మాన్యువల్‌లో వద్దని లేకపోతే అడుగున రెండు మూడు చెంచాల నీళ్లు పోయండి.

బొగ్గు వాసన అంటే మన కబాబులకు పెట్టే ధుంగారే. చికెన్‌ను స్టీలు గిన్నెలోకి తీసి, మధ్యలో చిన్న కటోరీలో ఎర్రగా కాలిన బొగ్గు పెట్టి, నాలుగు చుక్కల నూనె వేసి మూత పెట్టాలి. నెయ్యి వేయొద్దు, దాని వాసన ఫిష్ సాస్‌తో కలవదు. ఒక్క నిమిషం చాలు. ఎక్కువైతే నిమ్మగడ్డి ఘాటు పోయి తందూరీలా తయారవుతుంది. బొగ్గును ఎయిర్ ఫ్రయర్‌లో ఎప్పుడూ పెట్టకండి.

కంజు_పిట్ట:
ఇదే మసాలా కంజు పిట్టలకు ఇంకా బాగుంటుంది. వియత్నాంలో కాల్చిన కంజులు కూడా బళ్ల మీద అమ్ముతారు. వెన్నెముకను కత్తెరతో తీసేసి పిట్టను చదును చేయండి, అనాసపువ్వు, దాల్చినచెక్క, లవంగం, సోంపు పొడి చిటికెడు కలపండి. 200 డిగ్రీల్లో 10 నుంచి 12 నిమిషాలు, ఆఖరి రెండు నిమిషాలకు తేనె. పక్కన ఉప్పు, మిరియాల పొడి, నిమ్మరసం ఉంటే ఇంకేమీ అక్కర్లేదు.

తార్నాక_వంటిల్లు:
చాలా థాంక్సండీ. లెగ్ పీసులకు నంజుకోవడానికి ఏది? అన్నంతో తినాలి.

పెరటి_పొయ్యి:
గోరువెచ్చని నీళ్లు నాలుగు టేబుల్ స్పూన్లలో పంచదార ఒకటి కరిగించి, ఫిష్ సాస్ ఒకటి, నిమ్మరసం ఒకటి కలపండి. వెల్లుల్లి, ఎర్ర మిరపకాయ చివర్లో వేస్తే పైన తేలతాయి. వియత్నాంలోని సైగాన్ నగరంలో కాల్చిన మాంసంతో ఎక్కువగా నూకల అన్నమే తింటారు, కాబట్టి కిరాణా కొట్లో బియ్యం నూకలు అడగండి. రవ్వలాంటివి కాకుండా గింజ సగానికి విరిగినవి కావాలి. కడిగి అరగంట నానబెట్టి ఆవిరి మీద ఉడికిస్తే పొడిపొడిగా వస్తాయి. క్యారెట్, ముల్లంగి సన్నగా తరిగి, వెనిగర్, పంచదార, కాస్త ఉప్పులో గంట ముందే వేసి పెట్టుకోండి.