పాత ఔట్‌బోర్డ్ మోటార్: బ్రాకెట్ మీది నంబరును నమ్మాలా, ఇంజన్ మీది నంబరునా?

ప్రశ్న:
నా దగ్గరున్న పాత జాన్సన్ ఔట్‌బోర్డ్ మోటారును పడవకు బిగించే బ్రాకెట్ ప్లేటు మీద ఒక మోడల్ నంబరు ఉంటే, ఇంజన్ బ్లాకు పక్కన బిగించిన గుండ్రటి లోహపు బిళ్ళ మీద మరొకటి కనిపిస్తోంది. సర్వీస్ మాన్యువల్ వెతకడానికీ విడిభాగాలు తెప్పించడానికీ దేన్ని ఆధారంగా తీసుకోవాలి?

ఒక సమాధానం:
బ్రాకెట్ ప్లేటునే ప్రమాణంగా తీసుకోవాలని నా అభిప్రాయం. కర్మాగారం మొత్తం మోటారుకు ఇచ్చిన గుర్తింపు అదే, పార్టుల కేటలాగులు నడిచేదీ ఆ నంబరు మీదే. జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటార్లను తయారుచేసిన ఓఎంసీ 1980 మోడళ్ల నుంచి తయారీ సంవత్సరాన్ని ‘ఇంట్రడ్యూసెస్’ (INTRODUCES) అనే ఇంగ్లీషు మాటలోని పది అక్షరాలతో సూచించింది. ఐ అంటే 1, ఎన్ అంటే 2, అలా వరుసగా ఈ అంటే 9, చివరి ఎస్ అంటే 0. మోడల్ నంబరు చివర సీడీసీ అని ఉంటే ఆఖరి అక్షరాన్ని వదిలి సీడీ మాత్రమే చదవాలి. అది 86, అంటే 1986. చాలామంది చివరి రెండక్షరాలు డీసీని చదివి 1968 అనుకుంటారు, కానీ అప్పటికి ఈ పద్ధతే లేదు.

దానికి ప్రతివాదం:
సంకేతాన్ని మీరు సరిగ్గానే వివరించారు గానీ, అది చెప్పేది ఆ బ్రాకెట్ ఏ మోటారుతో కర్మాగారం దాటిందో మాత్రమే. పవర్‌హెడ్, అంటే మోటారు పైభాగంలోని ఇంజన్, కొన్ని బోల్టులతోనే కింది భాగానికి బిగిసి ఉంటుంది కాబట్టి, ఇంజన్ పట్టేసినప్పుడు అదే కుటుంబానికి చెందిన మరో సంవత్సరపు పవర్‌హెడ్‌ను తెచ్చి అమర్చడం మామూలే. పైమూతనైతే మార్చడం ఇంకా తేలిక, అందుకే దాని మీది స్టిక్కరును నేను సాక్ష్యంగా లెక్కించను. పిస్టన్ రింగులు, గాస్కెట్లు, ఇగ్నిషన్ కాయిళ్లు బ్లాకును బట్టి వస్తాయి గనుక ఓఎంసీ బ్లాకు బిళ్ళ మీద కొట్టిన నంబరుకే నా ఓటు.

అనుమానం తీరకపోతే ఫ్లైవీల్ విప్పి చూడండి. ప్లేటు 1986 అంటుండగా లోపల కాంటాక్టు పాయింట్లు (ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ రాకముందు స్పార్కు పుట్టించడానికి తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే లోహపు మొనలు) కనిపిస్తే, ఆ ఇంజన్ అంతకంటే పాతదయ్యే అవకాశమే ఎక్కువ. ఓఎంసీ చిన్న మోటార్లలో ఆ పాయింట్ల మధ్య ఎడం సాధారణంగా 0.020 అంగుళాలు, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కోసం రాసిన మాన్యువల్‌లో ఈ కొలత దొరకదు.

నూనె విషయంలో పొరపాటు ఇంకా ఖరీదైనది. ఓఎంసీ మోటార్లలో ఎక్కువ వాటికి 1963 వరకు 24 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు నూనె చెప్పగా, 1964 నుంచి 50 పాళ్లకు ఒక పాలు చాలన్నారు. నూనె కాస్త ఎక్కువైతే పొగ వస్తుంది, ప్లగ్గులు మసిబారతాయి, అంతే. తక్కువైతే బేరింగులే పోతాయి. కాబట్టి బ్లాకు ఏ సంవత్సరానిదో తేలేదాకా 24 పాళ్ల మిశ్రమమే వాడండి.

మళ్లీ మొదటి సమాధానమిచ్చినవారు:
పవర్‌హెడ్ వరకు మీ మాట ఒప్పుకుంటాను. కానీ గేర్‌కేస్ (ప్రొపెల్లరును తిప్పే గేర్లుండే కింది పెట్టె), షాఫ్టు పొడవు, నీటి పంపు బ్లాకు నంబరును బట్టి తేలవు. వాటికి ప్లేటే దిక్కు.

ప్రతివాదం చేసినవారు:
గేర్‌కేస్‌ను కూడా ఎవరూ మార్చలేదని ప్లేటు చెప్పలేదు కదా. నీటి పంపులో తిరిగే రెక్కల చక్రం, అంటే ఇంపెల్లర్ కోసం ప్లేటు నంబరుతో కేటలాగు బొమ్మ తెరవండి, కానీ పంపు విప్పి పాత ఇంపెల్లర్ వ్యాసాన్నీ రెక్కల సంఖ్యనూ ఆ బొమ్మతో పోల్చాకే ఆర్డరు పెట్టండి. ఓఎంసీ 2000 డిసెంబరులో దివాలా తీసింది, ఎవిన్‌రూడ్ తయారీ కూడా 2020లో ఆగిపోయింది. కాబట్టి కంపెనీ లెక్కల కంటే మీ చేతిలోని భాగమే గట్టి ఆధారం. ప్రశ్న అడిగినవారు రెండు నంబర్లనూ, ఫ్లైవీల్ కింది ఫోటోనూ ఇక్కడ పెడితే ఏ మాన్యువల్ కావాలో చెప్పగలం.