ఆఖరి భోజనం ఆఖర్లోనే ఎందుకు?

తీరికవేళ (చర్చ మొదలుపెట్టినవారు)

"ఇదే నీ ఆఖరి భోజనం అనుకో, ఏం తింటావ్?" నలుగురు కూర్చున్న చోట ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న వస్తుంది. అందరూ వంటకాల పేర్లు చెప్తారు. నేను అడిగేది వంటకం గురించి కాదు, వేళ గురించి. ఊహలో ఆ భోజనాన్ని చావుకి ముందు పూటకే పెట్టుకుంటాం. నిజంగా ఆ పూట వస్తే ఆకలి ఉంటుందా? ముద్ద దిగుతుందా? మనసులో ఉన్న ఆ భోజనం ఆకలి, రుచి, కూర్చునే ఓపిక ఉండగానే తినెయ్యాలని నా వాదన.

ఫ్రాన్స్ మాజీ అధ్యక్షుడు ఫ్రాంస్వా మిత్తెరాన్‌కి ప్రోస్టేట్ క్యాన్సర్ బాగా ముదిరిపోయిన సమయంలో, 1995 డిసెంబర్ 31 రాత్రి ఆప్తులతో విందు జరిగింది. ఆయిస్టర్లు (సముద్రపు ఆల్చిప్పలు), ఇంకా ఆర్టొలాన్ అనే చిన్న పిట్టలు మిత్తెరాన్ తిన్నాడని ఆ విందులో ఉన్న ఒక రచయిత తర్వాత రాశాడు. మిత్తెరాన్ చనిపోయింది 1996 జనవరి 8న. మధ్యలో వారం పైనే ఉంది. ఆ పిట్టల్ని తినడాన్ని నేను సమర్థించను. వేళ ఎంచుకోవడం మాత్రం సరైనదే అంటాను.

పాతసైకిల్

ఒప్పుకోను. ముందే తినేస్తే అది మంచి విందు అవుతుంది, అంతే. ఆఖరిది అని తెలిసి తినడంలోనే దాని బరువంతా ఉంది.

1963లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో విక్టర్ ఫెగర్ అనే ఖైదీని ఉరి తీశారు. ఆఖరి భోజనంగా అతను అడిగింది ఒక్క ఆలివ్ కాయ, అదీ గింజతో. ఆకలి తీరడానికి ఎవరూ ఒక్క కాయ అడగరు. అన్నీ లాగేసుకున్నాక మిగిలిన ఒకే ఒక్క ఎంపిక అది, దాన్ని తన ఇష్టం వచ్చినట్టు వాడుకున్నాడు. మీరు ఆకలి, రుచి అంటున్నారు. నేను ఎంచుకునే హక్కు గురించి మాట్లాడుతున్నాను. అది చివరి క్షణం దాకా ఉండాలి.

వెన్నెలపిట్ట

పాతసైకిల్ గారూ, మీరు చెప్పిన ఆ హక్కు ఎంత బలహీనమైందో కూడా చూడండి. టెక్సస్‌లో 2011 సెప్టెంబర్‌లో లారెన్స్ బ్రూయర్ అనే ఖైదీ ఆఖరి భోజనానికి పెద్ద జాబితా ఇచ్చాడు. జాతివిద్వేష హత్య కేసులో మరణశిక్ష పడ్డవాడు. తీరా అన్నీ వచ్చాక ఒక్కటీ ముట్టలేదు. ఆకలిగా లేదన్నాడని అప్పట్లో వార్తలొచ్చాయి. జాన్ విట్‌మైర్ అనే ఆ రాష్ట్ర సెనేటర్ గట్టిగా అభ్యంతరం చెప్పడంతో జైళ్ల శాఖ ఆ పద్ధతినే ఎత్తేసింది. అప్పటి నుంచి మిగతా ఖైదీలకు పెట్టేదే వీళ్లకీ పెడతారు.

ఇంకో సంగతి. భయం, టెన్షన్ పట్టుకుంటే నోట్లో తడి ఆరిపోతుంది. లాలాజలంలో కరిగితేనే నాలుకకి రుచి అందుతుంది. అంటే చావు ఎదురుగా ఉన్నప్పుడు ఎంత గొప్ప వంట పెట్టినా అది రుచిగా అందే అవకాశం తక్కువ. ఈ విషయంలో తీరికవేళ గారి వైపే ఉన్నాను.

కానీ "ఇది నా ఆఖరి విందు" అని చెప్పి జనాన్ని పిలిస్తే ఎలా ఉంటుందో ఊహించండి. ప్రతి ముద్దా అందరూ కళ్లప్పగించి చూస్తుంటారు. ఒకరు ఏడుపు ఆపుకుంటారు, ఇంకొకరు బలవంతంగా నవ్వుతారు. ఆ మధ్యలో కూర్చుని ఎవరు తినగలరు?

రాత్రిడ్యూటీ

నేను పాలియేటివ్ వార్డులో, అంటే నయం కాని జబ్బున్నవాళ్లకి బాధ తగ్గించే వార్డులో, నర్సుని. ఈ ప్రశ్న నాకు ఊహ కాదు, పని. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

నయం కాని జబ్బుతో ఉన్నవాళ్లలో చాలామందికి చివరి రోజుల్లో ఆకలి తగ్గిపోతుంది. శరీరం తిండిని వాడుకోలేని స్థితికి వస్తుంది. మింగే కండరాలు బలహీనపడతాయి. కీమోథెరపీ తీసుకున్నవాళ్లకి కొందరికి ప్రతిదీ ఇనుము నాకినట్టు ఉంటుంది. మనం రుచి అనుకునే దాంట్లో చాలా భాగం నిజానికి ముక్కు ద్వారా అందే వాసనే, అదీ మందగిస్తుంది. కాబట్టి సినిమాల్లో చూపించినట్టు మంచం మీద కూర్చుని ఇష్టమైనవన్నీ తృప్తిగా తినే ఆఖరి పూట నా వార్డులో చాలా అరుదు.

ఇంట్లోవాళ్లకి ఇది మింగుడుపడదు. "తినకపోతే నీరసం వస్తుంది" అని చెంచా నోటి దగ్గర పెడుతూనే ఉంటారు. పేషెంటు పెదాలు బిగిస్తారు, తల తిప్పుకుంటారు. వీళ్లకి అది మొండితనంలా కనిపిస్తుంది. ఆ దశలో తిండి మానేయడం వల్ల ప్రాణం పోవడం కాదు, ప్రాణం పోయే దశ కాబట్టే శరీరం తిండి అడగదు. బలవంతంగా పెడితే అన్నవాహికలోకి వెళ్లాల్సింది ఊపిరితిత్తుల్లోకి వెళ్లొచ్చు. ప్రేమతో చేసే ఆ పని వాళ్లని ఉక్కిరిబిక్కిరి చేస్తుంది.

పాతసైకిల్ గారూ, హక్కు అన్నారు కదా. వద్దనే హక్కు కూడా అందులోకే వస్తుంది. మా దగ్గర ఎక్కువమందికి దక్కనిది అదే.

చిరుజల్లు

ఒక్క మాట. జాబితా పొడుగ్గా ఉండకూడదు. ఒకే వంటకాన్ని తింటూ పోతే దాని మీద ఇష్టం తగ్గిపోతుందని, కొత్త వంటకం వస్తే మళ్లీ తినబుద్ధవుతుందని బార్బరా రోల్స్ అనే పరిశోధకురాలి బృందం 1981లో ప్రయోగాలతో చూపించింది. ఆ లెక్కన వంటకాలు పెరిగే కొద్దీ ఎక్కువ తింటాం, కానీ ఏ ఒక్కటీ గుర్తుండిపోయేలా తినం. ఒకటో రెండో చాలు.

పాతసైకిల్

రాత్రిడ్యూటీ గారూ, వద్దనే హక్కు మాట ఒప్పుకుంటున్నాను. అయినా నా అభ్యంతరం అలాగే ఉంది. తీరికవేళ గారి పద్ధతిలో వేళ ఎవరు నిర్ణయిస్తారు? రేపు ఏమవుతుందో ఎవరికీ తెలియదు కాబట్టి ప్రతి భోజనాన్నీ ఆఖరిదిగా తినాలా?

తీరికవేళ

అక్కర్లేదు. అలా ఎవరూ బతకలేరు, రోజూ గడిచే పూటలు గుర్తుండకుండా గడవడమే మంచిది. నేను చెప్పేది నయం కాదని డాక్టరు చెప్పిన మనిషి గురించి. ఆ మాట విన్న రోజుకీ, ఆకలి చచ్చిపోయే రోజుకీ మధ్య చాలామందికి కొంత కాలం ఉంటుంది. అందులో ఒక పూట వాళ్లు కోరుకున్నట్టు గడవాలి. కోరితేనే సుమా.

వెన్నెలపిట్ట గారి భయం న్యాయమైనది. దానికి పేరు పెట్టొద్దు. "ఆదివారం భోజనానికి రండి" అంటే చాలు. ఆ మనిషికి తెలుసు, దగ్గరివాళ్లకి తెలుసు, చాటింపు అవసరం లేదు.

వెన్నెలపిట్ట

అలా అయితే నాకూ సమ్మతమే. రాత్రిడ్యూటీ గారూ, ఆ కాలం దాటిపోయినవాళ్ల సంగతేంటి? మింగలేని మనిషికి ఇష్టమైనది కాస్త నాలుకకి రాయొచ్చా?

రాత్రిడ్యూటీ

కొన్నిసార్లు రాయొచ్చు. మీ పేషెంటు మింగగలిగే స్థాయిని చూసిన డాక్టర్నో నర్సునో ముందు అడగండి. పూర్తి మెలకువలో ఉండాలి, నిటారుగా కూర్చోబెట్టాలి, అడిగిందే ఇవ్వాలి. ఒక చుక్కతో మొదలుపెట్టండి. దగ్గు వచ్చినా, గొంతులో గురగుర వినిపించినా వెంటనే ఆపెయ్యండి. మగతలో ఉంటే అసలు వద్దు. అప్పుడు నోరు ఎండిపోకుండా తడి స్పాంజితో పెదాలు, నాలుక తుడవడం మీ చేతుల్లో ఉంది. రోజుకి చాలాసార్లు చెయ్యాలి, ఇంట్లోవాళ్లు వంతులేసుకుంటే సులువు.