పీజీ ఫీజు బకాయిల మీద గ్రీవెన్స్‌కి వెళ్తున్నాం, ముందు తిరిగినవాళ్లు చెప్పండి

లంకపిల్ల:
నమస్తే అండి. డెల్టాలో ఒక పీజీ సెంటర్‌లో ఎమ్మెస్సీ ఫైనలియర్. మా ఫీజు రీయింబర్స్‌మెంటు పడలేదు. మమ్మల్నే కట్టమంటున్నారు, కట్టకపోతే హాల్‌టికెట్టు ఇవ్వరట. మా బ్యాచ్‌లో చాలామంది ఇళ్లలో కొబ్బరి దింపులకో, రొయ్యల చెరువుల దగ్గర కాపలాకో వెళ్లేవాళ్లే, ఒక్కసారి అంత డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తారు? క్లాసంతా కలిసి నన్నూ ఇంకో అబ్బాయినీ ముందు నిలబెట్టారు. సోమవారం కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌లో ఇద్దామని అర్జీ రాశాం. హాల్‌టికెట్లు, బకాయిలు, మెస్, లైబ్రరీ, బస్సు పాసులు, ల్యాబ్‌లో కెమికల్స్ లేకపోవడం, అన్నీ పెట్టాం. అక్కడ ఏం జరుగుతుందో తెలిసినవాళ్లు చెప్తారా? ఒకటే టెన్షన్‌గా ఉంది.

ధవళేశ్వరం_గట్టు:
గ్రీవెన్స్‌కి భయపడాల్సిందేం లేదు చెల్లీ. కౌంటర్లో అర్జీని ఆన్‌లైన్‌లో ఎక్కించి నంబరున్న రసీదు ఇస్తారు, దాన్ని జాగ్రత్తగా పెట్టుకో. లోపల కలెక్టరు గారో జేసీ (జాయింట్ కలెక్టరు) గారో చూసి, పక్కనున్న శాఖాధికారికి అందిస్తారు. నీకు దొరికేది నిమిషమో రెండు నిమిషాలో. ఇన్ని సమస్యలు కలిపి రాస్తే ఎక్కించే అతను ఏదో ఒక శాఖ కింద పడేస్తాడు. బస్సు పాసు కంటపడితే ఆర్టీసీకి వెళ్తుంది, నీ హాల్‌టికెట్టు మాట గోదాట్లో కలిసిపోతుంది. హాల్‌టికెట్టుకి ఒకటి, బకాయికి ఒకటి, విడివిడిగా పెట్టండి. మిగతావి తర్వాత చూసుకోవచ్చు.
ఇంకోటి. కొన్నాళ్లకి పరిష్కారమైందని ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. తీరా తెరిచి చూస్తే ‘సంబంధిత అధికారికి పంపడమైనది’ అని ఉంటుంది. అప్పుడు కొత్త అర్జీ పెట్టకుండా, అదే నంబరు మీద రీఓపెన్ చేయమని అడగాలి.

పంటురేవు:
జీవో 77 దెబ్బ తిన్న బ్యాచ్ మాది. 2020 డిసెంబరులో వచ్చిన ఆ జీవోతో ప్రైవేటు కాలేజీల్లో పీజీలో చేరినవాళ్లకి విద్యా దీవెన (ఫీజు డబ్బు), వసతి దీవెన (హాస్టల్ ఖర్చు) రెండూ లేకుండా పోయాయి. యూనివర్సిటీ, ప్రభుత్వ కాలేజీల వాళ్లకే మిగిలాయి. మాది నరసాపురం వైపు. సఖినేటిపల్లి నుంచి పంటు మీద గోదావరి దాటి వచ్చే అమ్మాయిలు మా క్లాసులో ఉండేవాళ్లు. క్యాంపస్‌కి వెళ్లి హాస్టల్లో ఉండే స్తోమత లేకే కదా వాళ్లు దగ్గర్లో ప్రైవేటులో చేరింది!
ఎమ్మెల్యే గారికి ఇచ్చాం, నవ్వుతూ తీసుకున్నారు, ఫొటో దిగాం, అంతే. అప్పట్లో మా కలెక్టరేట్ ఏలూరులో. అక్కడ ఒక సూపరింటెండెంటు గారు మాత్రం కూర్చోబెట్టి చెప్పారు: “జీవో ఇచ్చింది సెక్రటేరియట్. దాన్ని కలెక్టరు గారు మార్చలేరమ్మా. మీ కాలేజీ సర్టిఫికెట్లు ఆపితే చెప్పండి, అది మేం చూడగలం.” ఆ మాట ముందే తెలిసుంటే సగం తిరుగుడు తప్పేది. మీ విషయంలో హాల్‌టికెట్టు యూనివర్సిటీ పరీక్షల విభాగం చేతిలో పని. డబ్బు విడుదల ఆర్థిక శాఖది. జిల్లాలో సంక్షేమ శాఖ వాళ్లు చూడగలిగేది మీ అప్లికేషన్ ఎక్కడ ఆగిందో.

ఎర్రకాలువ:
అందుకే ముందు జ్ఞానభూమిలో (స్కాలర్‌షిప్పుల వెబ్‌సైట్) ఒక్కొక్కరి స్టేటస్ తీసి ప్రింటు పెట్టుకోండి. అందరిదీ ప్రభుత్వ బకాయే అయ్యుండదు. కొందరిది గ్రామ సచివాలయంలో వెరిఫికేషన్ దగ్గరో, 75 శాతం హాజరు దగ్గరో, ఆధార్ తేడా దగ్గరో ఆగుంటుంది. అందర్నీ ఒకే లిస్టులో కలిపారనుకోండి, అధికారి అందులో ఒక్క పేరు పట్టుకుని “ఈ అబ్బాయికి హాజరు లేదు కదా” అంటారు, మిగతావాళ్ల మాట కూడా అక్కడితో సరి.

గోదారోడు_99:
ఇవన్నీ కబుర్లండి. రోడ్డెక్కకపోతే ఎవడూ పట్టించుకోడు. అమలాపురం గడియార స్తంభం దగ్గర కూర్చోండి, టీవీల వాళ్లే వెతుక్కుంటూ వస్తారు.

స్కాలరు_తూగో:
రోడ్డెక్కడం తప్పని ఎవరన్నారు తమ్ముడూ? 2015 అక్టోబరులో నాన్‌నెట్ ఫెలోషిప్ (నెట్ పరీక్షతో పని లేకుండా స్కాలర్లకి ఇచ్చేది) ఎత్తేస్తామంటే స్కాలర్లు ఢిల్లీలో యూజీసీ ఆఫీసు ముందు బైఠాయించారు, దాంతో అది పోకుండా ఆగింది. కానీ పీహెచ్‌డీకి నెలకి ఇచ్చే ఆ 8 వేలు సెంట్రల్ యూనివర్సిటీల వాళ్లకే. మాలాంటి రాష్ట్ర యూనివర్సిటీ స్కాలర్లకి జేఆర్‌ఎఫ్ (నెట్ పరీక్షలో పై మార్కులొస్తే ఇచ్చే ఫెలోషిప్) వస్తే వచ్చినట్టు, లేకపోతే చాలామందికి చేతి డబ్బే. జేఆర్‌ఎఫ్ 31 వేల నుంచి 37 వేలకి పెరిగింది కూడా (2023 జనవరి నుంచి లెక్క) స్కాలర్లు అడగ్గా అడగ్గానే. ధర్నా ఒక్కరోజు వార్త. మర్నాడు లోపలికి పిలిచి “సరే, మీకేం కావాలో చెప్పండి” అంటే తీసి ఇవ్వడానికి చేతిలో కాగితం ఉండాలి కదా.

పూతరేకు_అమెరికాలో:
మాది ఆత్రేయపురం, ఇక్కడ పీహెచ్‌డీ చేశాను. 2017లో ఇక్కడి ప్రతినిధుల సభ పాస్ చేసిన పన్ను బిల్లులో ఒక మెలిక ఉంది. గ్రాడ్ విద్యార్థులకి యూనివర్సిటీ మాఫీ చేసే ట్యూషన్ ఫీజుని కూడా వాళ్ల ఆదాయంగా లెక్కగట్టాలట. చేతికి రాని డబ్బు మీద పన్నన్నమాట! విద్యార్థులు నవంబరులో చాలా క్యాంపస్‌లలో వాకౌట్ చేశారు. మరోపక్క తమ సభ్యుల ఆఫీసులకి ఫోన్ల మీద ఫోన్లు. నా స్టైపెండ్ ఇంత, ఈ బిల్లొస్తే కట్టాల్సిన పన్ను ఇంత అని లెక్కలేసి చూపించారు. డిసెంబరులో వచ్చిన తుది చట్టంలో ఆ మెలిక లేదు. రెండూ చేశారు గోదారోడు గారూ, ఒకటే కాదు.

ఓటరు_భీమవరం:
పట్టభద్రుల ఎమ్మెల్సీ సంగతి ఎవరూ ఎత్తలేదేం? 2025 ఫిబ్రవరి 27న ఉభయ గోదావరి జిల్లాల సీటుకి ఓట్లు వేశాం. తమాషా ఏంటంటే, డిగ్రీ పూర్తయి మూడేళ్లయితేనే ఆ ఓటు. అంటే డిగ్రీ అవగానే పీజీలో చేరినవాళ్లకి ఓటే ఉండదు! కాబట్టి ఎమ్మెల్సీ గారి దగ్గరికి వెళ్లేటప్పుడు ఓటున్న సీనియర్లని, లెక్చరర్లని వెంటబెట్టుకెళ్లండి, లెక్క వేరుగా ఉంటుంది. వెళ్లి “న్యాయం చేయండి సార్” అనకండి. శాసనమండలిలో ప్రశ్న వేయమని అడగండి, ప్రశ్న కూడా మీరే రాసివ్వండి: ఏ సంవత్సరానికి పీజీ ఫీజు బకాయి ఎంత, ఎప్పటికి విడుదల చేస్తారు? మంత్రి గారు జవాబిస్తే ఆ అంకె రికార్డులోకి వెళ్తుంది, ఆ తర్వాత ఎవరూ కాదనలేరు. సమాచార హక్కు కింద అడిగినా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, అదీ పెట్టండి.

లంకపిల్ల:
అందరికీ థాంక్సండి. అర్జీ మొత్తం మార్చేశాం. మొదటిది ఒక్క పేజీ: బకాయి ప్రభుత్వం నుంచి రావాల్సింది, అది వచ్చేదాకా హాల్‌టికెట్లు ఆపకుండా యూనివర్సిటీకి రాయండి అని. కానీ సంతకం పెట్టడానికి సగం మంది జంకుతున్నారు. ప్రాక్టికల్స్ మార్కులు కాలేజీ వాళ్ల చేతిలోనే కదండీ.

పాతలెక్చరర్:
ఆ భయం ఉత్తదని నేను చెప్పనమ్మా, అవతలి పక్క కూర్చుని చూసినవాణ్ణే. జంకేవాళ్లని బలవంతపెట్టొద్దు. వాళ్ల అమ్మానాన్నల పేరు మీద విడిగా అర్జీలు పెట్టించండి, ఊళ్ల పేర్లతో వస్తే ఇంకా మంచిది. ఇంకో మాట, పరీక్ష తేదీ, ఫీజు గడువు తేదీ అర్జీలో మొదటి వరుసలోనే రాయండి. అది కనపడకపోతే మీ కాగితం కట్టల్లో అడుగుకి పోతుంది. హాల్‌టికెట్టు ఆపుతామని రాతపూర్వకంగా ఏమన్నా ఇచ్చారా?

లంకపిల్ల:
లేదు సార్. గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టారు.

పాతలెక్చరర్:
రేపు మీరు అడిగితే ‘మేం అలా అనలేదు’ అంటారు. వాయిస్ డిలీట్ కాకముందే సేవ్ చేసుకోండి. ముందు ప్రిన్సిపాల్ గారికి లెటరిచ్చి, మీ కాపీ మీద ఇన్‌వర్డ్ నంబరు, స్టాంపు వేయించుకోండి. తీసుకోనంటే అదే లెటరు స్పీడ్ పోస్టులో పంపండి. ఆ రసీదు జిరాక్సు అర్జీ వెనక పిన్ చేసుకుని సోమవారం వెళ్లండి.

ఎర్రకాలువ:
ఒరిజినల్ ఇచ్చెయ్యకండి, జిరాక్సే.