చర్చ: కంకర కనుమలకు పాత చిన్న కార్లు – 1985 నాటి పాండా 4×4 కొనవచ్చునా?

టురిన్_రైతుబిడ్డ:
అందరికీ నమస్కారం. నేను ఇటలీలోని టురిన్‌లో ఏడేళ్లుగా ఉంటున్నాను. ఇక్కడికి దగ్గరలోని సూజా పట్టణం నుంచి కొల్లె దెల్లె ఫినెస్త్రె అనే కనుమకు ఒక దారి ఎక్కుతుంది. కనుమ ఎత్తు 2,178 మీటర్లు; ఆ దారిలో చివరి ఎనిమిది కిలోమీటర్లూ తారు ఎరుగని కంకర. కిందటి వేసవిలో నా మామూలు కారు అడుగుభాగం రాళ్లకు తగులుతూ ఉండటంతో సగంలోనే వెనుదిరిగాను. నేను మలుపులో కారు తిప్పుకొంటూ ఉండగానే ఒక పెద్దాయన పాత ఫియట్ పాండా 4×4 (నాలుగు చక్రాలకూ శక్తి అందే రకం) లో గడ్డిమోపులు వేసుకొని, నన్ను దాటి, ఏమీ జరగనట్టు పైకి వెళ్లిపోయారు. అప్పటినుంచి ఆ బండి మీదే మనసు. ఇప్పుడు పక్క ఊరిలో 1985 నాటిది ఒకటి అమ్మకానికి ఉంది. ఇంజన్ 965 సీసీ, శక్తి 48 అశ్వశక్తి మాత్రమే. ఇంత చిన్న ఇంజన్‌తో కొండదారి సాధ్యమేనా, కొనేముందు ఏమేమి చూసుకోవాలి? పాండా కాకపోయినా ఇలాంటి పాత చిన్న కార్లను గతుకుల దారుల్లో నడిపినవారు ఉంటే, తమ అనుభవం కూడా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

లెక్కల_మాస్టారు:
అశ్వశక్తిని ఒక్కదాన్నే చూస్తే లెక్క తప్పుతుంది. దానిని బరువుతోనూ, గేరుతోనూ కలిపి చూడాలి. మీరు చెప్పిన పాండా బరువు సుమారు 740 కిలోలు. దానికి ఐదు గేర్లు ఉన్నా మొదటిది పేరుకే మొదటిది; అది నడక వేగంతో పాకడానికి పెట్టిన గేరు కాబట్టి మామూలు రోడ్డు మీద రెండో గేరుతోనే బయలుదేరతారు. 1980లో వచ్చిన మూల పాండాకు రూపమిచ్చినవారు జ్యోర్జెత్తో జుజారో. 1983లో దానికి నాలుగు చక్రాల నడకను సమకూర్చినది ఆస్ట్రియాకు చెందిన స్టైర్-పుఖ్ సంస్థ. ఆ సంస్థకు ఈ విద్య కొత్త కాదు. 1959 నుంచి 1974 వరకు అది హాఫ్లింగర్ అనే బుల్లి బండిని తయారుచేసింది. కొండజాతి గుర్రం పేరు పెట్టుకున్న ఆ బండి 643 సీసీ ఇంజన్‌తోనే ఆల్ప్స్ పర్వతాలలో సైన్యానికి సామాను మోసింది.

ఒక్క హెచ్చరిక. పాండాలో ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య డిఫరెన్షియల్ (రెండూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) లేదు. నాలుగు చక్రాల నడకను కలిపే లీవర్ లాగితే రెండు ఇరుసులూ ఒకదానితో ఒకటి బిగిసిపోతాయి. మలుపులో ముందు చక్రాలు వెనుక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరగాలి కదా. కంకర మీదా మంచు మీదా అయితే టైర్లు కొద్దిగా జారి ఆ తేడాను సర్దుకుంటాయి, పొడి తారు మీద జారలేక ఆ భారమంతా షాఫ్టుల మీదా గేర్ల మీదా పడుతుంది. తారు తగలగానే లీవర్ వదిలేయడం అలవాటు చేసుకోండి.

పాత_ఇనుము:
నేను ఫ్రాన్స్‌లో, గ్రెనోబుల్ దగ్గర ఉంటాను. నా దగ్గరున్నది 602 సీసీ సిత్రోయెన్ 2సీవీ. ముందు చక్రాలు మాత్రమే లాగుతాయి. మాస్టారి లెక్కకు నేను ఒక మాట చేర్చాలి: శక్తి, గేరు, బరువు అన్నీ సరిపోయినా చక్రం నేలను వదిలితే ఏదీ పనిచేయదు. దున్నిన పొలానికి అడ్డంగా గుడ్లబుట్టతో వెళ్లినా ఒక్క గుడ్డు పగలకూడదన్నది ఈ కారుకు మొదట పెట్టిన షరతులలో ఒకటి. అందుకే ముందు చక్రపు స్ప్రింగునూ వెనుక చక్రపు స్ప్రింగునూ ఒకే గొట్టంలో కలిపి అమర్చారు. ముందు చక్రం గుంతలో పడగానే, వెనుక చక్రం అక్కడికి చేరే లోపే వెనుకభాగం సర్దుకోవడం మొదలుపెడుతుంది. కొత్తగా ఎక్కినవారికి మలుపులో కారు పడవలా ఒరిగితే గుండె జారుతుంది గాని, నాలుగు చక్రాలూ నేలను వదలవు.

ఇదే కారుకు సహారా అనే ఒక విచిత్రమైన తోబుట్టువు ఉంది. 1960 తరువాత కేవలం 694 మాత్రమే తయారయ్యాయి. నాలుగు చక్రాలకు శక్తి అందించడానికి షాఫ్టులు వేయడం ఎందుకని, వెనుక డిక్కీలో ఇంకొక 425 సీసీ ఇంజన్ పెట్టేశారు! ముందు ఇంజన్ ముందు చక్రాలకు, వెనుక ఇంజన్ వెనుక చక్రాలకు. క్లచ్ పెడల్, గేర్ రాడ్ మాత్రం రెంటికీ కలిపి ఒక్కొక్కటే. పెట్రోలు ట్యాంకులు ముందు సీట్ల కింద ఒక్కొక్కటి ఉండటంతో, పెట్రోలు పోసే మూతలు తలుపులలోంచి బయటికి కనిపిస్తాయి; స్టెప్నీకి చోటు లేక బానెట్ మీదికి ఎక్కించారు. ఒక ఇంజన్ ఆగిపోతే రెండవదానితో ఇంటికి చేరవచ్చు. పాత బండ్ల ప్రదర్శనలో ఒకసారి దగ్గరనుంచి చూశాను. రెండు ఇంజన్లూ ఒకేసారి మోగుతుంటే రెండు కుట్టుమిషన్లు పోటీ పడుతున్నట్టు వినిపించింది.

నా బండికి అంత భాగ్యం లేదు. వర్షం పడ్డాక పచ్చిక వాలు ఎక్కబోతే బరువంతా వెనక్కి వాలి, ముందు చక్రాలు ఉన్నచోటనే తిరుగుతాయి. అప్పుడు కారును తిప్పి రివర్స్ గేరులో ఎక్కిస్తాను. లాగే చక్రాలు పల్లం వైపుకు వచ్చి బరువు వాటి మీద పడుతుంది. చూసేవాళ్లు నవ్వుతారు, కారు మాత్రం ఎక్కుతుంది.

సొనోరా_ఇసుక:
రివర్స్‌లో ఎక్కే అవస్థ మాకు లేదు, ఎందుకంటే ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో ఇంజన్ వెనుక చక్రాల మీదే కూర్చుని ఉంటుంది. నేను అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని టూసాన్ దగ్గర ఉంటున్నాను. నా 1970 బీటిల్‌ను బాహా బగ్‌గా మార్చుకున్నాను. అంటే బంపర్లనూ మడ్‌గార్డులనూ కురచగా కోసి, పెద్ద టైర్లు వేసి, టార్షన్ బార్లను (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలను) ఒకటి రెండు పళ్లు తిప్పి బండిని పైకి లేపడం. ఈ ముచ్చట దక్షిణ కాలిఫోర్నియాలో 1960ల చివర మొదలైంది. 1967లో మెక్సికోలోని తిహువానా నుంచి లా పాజ్ దాకా జరిగిన మొదటి మెక్సికన్ 1000 పందెంలో మొత్తం మీద మొదట చేరింది బీటిల్ అడుగుభాగం మీద ఫైబర్ తొడుగు వేసిన మేయర్స్ మాంక్స్ అనే బగ్గీ. పట్టిన సమయం 27 గంటల 38 నిమిషాలు. దానికి నాలుగు చక్రాల నడక లేదన్న సంగతి గమనించండి.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ఎడారి ఇసుకలో టైర్ల గాలి సగానికి తగ్గించడం గుర్తుపెట్టుకున్నాను గాని, గాలి ఫిల్టర్ సంగతి మరిచాను. వెనుక చక్రాలు ఎగజిమ్మే దుమ్ము సరిగ్గా కార్బురేటర్ ఉన్నచోటికే వస్తుంది. రెండు శీతాకాలాలు అలాగే తిరిగాక, పిస్టన్ రింగులు అరిగి ఇంజన్ నూనె తాగడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఫిల్టర్‌ను గొట్టంతో క్యాబిన్ వైపు ఎత్తులో పెట్టుకున్నాను. పాండాకు ఇంజన్ ముందుంది కాబట్టి మీకు ఈ బాధ తక్కువే. అయినా కంకర కనుమ దిగాక ఫిల్టర్ విప్పి చూడండి.

గెడ్డదాటు:
పాడేరు నుంచి రాస్తున్నాను. మా ఇంట్లో 1980ల చివరినాటి మారుతి జిప్సీ ఉంది. 970 సీసీ, నాలుగు గేర్లు, నాలుగు మూలలా కమాన్ కట్టలు. దీని వంశం కూడా చిన్నదే. జపాన్‌లో 1970లో వచ్చిన సుజుకి ఎల్‌జే10 లో ఉన్నది 359 సీసీ టూస్ట్రోక్ ఇంజన్. అక్కడి చిన్న కార్ల చట్టం నిర్ణయించిన పొడవు మించకూడదని స్టెప్నీని లోపలే, వెనుక సీటు పక్కన నిలబెట్టారు. ఆ దెబ్బకు బండిలో ముగ్గురికే చోటు మిగిలింది.

మాస్టారితో ఒక విషయంలో విభేదిస్తున్నాను. పాండా మొదటి గేరు ఎంత చిన్నదైనా, అది జిప్సీకి ఉన్న లో గేరు పెట్టెకు (అన్ని గేర్లలోనూ వేగం తగ్గించి లాగే బలం పెంచే అదనపు గేరు పెట్టెకు) సాటి రాదు. మా దగ్గర గెడ్డలో (కొండవాగులో) తడిసిన గుండ్రాళ్ల మీద దిగేటప్పుడు లో పెడితే బ్రేకు తొక్కకుండా ఇంజన్ పట్టు మీదే దిగవచ్చు. కనుక రైతుబిడ్డ గారు వెళ్లేది కంకర కనుమ అయితే పాండా చాలు. బండరాళ్ల మెట్లు ఎక్కే ఆలోచన ఉంటే వద్దు. నీటి విషయంలో నా పాఠం వేరు: వానాకాలంలో ఒకసారి లోతు చూడకుండా వేగంగా దిగాను, ఫ్యాన్ ఎగజిమ్మిన నీళ్లకు, స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ తడిసి గెడ్డ నడుమ బండి ఆగిపోయింది. మూత విప్పి, తువ్వాలుతో తుడిచి, గంట ఆరబెట్టాక గాని కదలలేదు. అప్పటినుంచి ముందు నేను నడిచి దాటి, ఆ తరువాతే బండి దింపుతున్నాను.

ఇక్కడ చదివి బీటిల్‌లా మడ్‌గార్డులు కోయాలని మనవాళ్లు ఎవరైనా ఉత్సాహపడితే ఒక మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. టైర్ల ఎంపికతోనూ, గాలి ఒత్తిడితోనూ సాధించగలిగినది ముందు సాధించుకోండి.

లెక్కల_మాస్టారు:
గెడ్డదాటు గారి సవరణ న్యాయమైనదే, ఒప్పుకుంటున్నాను. రైతుబిడ్డ గారూ, కొనేముందు ఈ పరీక్ష చేయండి. ముందు చక్రాలకు రాళ్ల అడ్డు పెట్టి, బండిని గేరులో ఉంచి, హ్యాండ్ బ్రేకు విప్పి, ఒక వెనుక చక్రాన్ని మాత్రం జాకీతో లేపండి. లీవర్ వదిలి ఉన్నప్పుడు ఆ చక్రం చేతితో తిరగాలి. లీవర్ లాగాక తిరగకూడదు. తరువాత బండి కిందికి దూరి, కమాన్ కట్టలు బాడీకి బిగించిన చోట స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. శీతాకాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు మొదట తినేది ఆ భాగాన్నే.

టురిన్_రైతుబిడ్డ:
శనివారం వెళ్లి చూశాను. లీవర్ లాగినా వదిలినా చక్రం హాయిగా తిరుగుతూనే ఉంది! అమ్మే ఆయన ముఖం చిన్నబోయింది. ఎన్నో ఏళ్లుగా ఆ లీవర్ ముట్టుకోలేదని చెప్పారు. కిందకు దూరి చూస్తే లీవర్‌ను కలిపే లంకె తుప్పుతో విడిపోయి వేలాడుతోంది. లోపలి పళ్లు బాగానే ఉన్నట్టున్నాయి, ఎందుకంటే లంకెను చేతితో నెట్టగానే చక్రం బిగిసింది. కుడివైపు కమాన్ బిగింపు దగ్గర మాత్రం స్క్రూడ్రైవర్ లోపలికి దిగిపోయింది. ఆ వెల్డింగ్ ఖర్చు తీసేసి ధర చెప్పాను, ఆయన మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. బండి ఇప్పుడు వెల్డింగ్ షెడ్డులో ఉంది. కనుమ దారిలో మంచు కరిగి తెరిచేసరికి జూన్ వస్తుంది కాబట్టి తొందర లేదు. ఈలోగా గాలి ఫిల్టర్ మార్చాను. ఇంటి వెనుక పొలం గట్టు తడిగా ఉన్నప్పుడు రివర్స్‌లో కూడా ఎక్కించి చూస్తాను, పాత_ఇనుము గారి మాట పరీక్షించినట్టూ ఉంటుంది.